కువైట్ డ్రైవర్ కొడుకు గల్ఫ్ కార్మికుడి బిడ్డ కాడా?

కేంద్ర విద్యాశాఖ అధికారులకు, ఆంధ్రప్రదేశ్ ఉన్నత విద్యాశాఖ పెద్దలకు,

నమస్కారం.

నేను తిరుపతిలో యూనివర్సిటీకి పోయే దారిలో చిన్న జిరాక్స్ షాపు నడుపుతున్నాను. బోర్డు మీద జిరాక్స్ అనే ఉంటుంది గానీ, ఏటా జనవరి నుంచి ఆగస్టు దాకా నాకు అన్నం పెట్టేది ఆన్‌లైన్ అప్లికేషన్లే. జేఈఈ మెయిన్, ఈఏపీసెట్, జోసా (ఐఐటీ, ఎన్‌ఐటీ లాంటి కేంద్ర సంస్థల సీట్ల కౌన్సెలింగ్), దాసా (విదేశాల్లో చదివిన పిల్లలకు ఇచ్చే సీట్లు), వెబ్ ఆప్షన్లు, సర్టిఫికెట్ల అప్‌లోడు, ఫొటో సైజు తగ్గించడం, అన్నీ చేస్తాను. నేను చదివింది బీకాం. ఇంజనీరింగ్ కాలేజీ గడప విద్యార్థిగా ఎన్నడూ తొక్కలేదు. కానీ ఆ గడప దాటడానికి ఎన్ని కాగితాలు కావాలో నాకు బాగా తెలుసు. ఆ ఫారాలు తయారు చేసేది మీరు, నింపేది నేను.

పీలేరు, వాయల్పాడు, కలికిరి, రాయచోటి, రాజంపేట వైపు నుంచి వచ్చే కువైట్ కుటుంబాలు నా దగ్గరికి ఎక్కువ. ఆ వైపు కువైట్ పేరు పక్క ఊరి పేరులాగే చెప్పుకుంటారు. ‘మా చిన్నాయన కువైట్లో ఉండాడు’ అంటే ఎప్పుడొస్తాడు అని అడుగుతారే గానీ, అంత దూరం ఎందుకు పోయినాడని ఎవరూ అడగరు.

మొన్న జూన్‌లో ఒక సాయంత్రం ఇద్దరు పిల్లలు వచ్చారు. అన్నదమ్ముల బిడ్డలు. పీలేరు పక్క పల్లె. అన్న కూతురు కువైట్‌లో సీబీఎస్ఈ బడిలో పన్నెండో తరగతి పాసయి వచ్చింది. తమ్ముడి కొడుకు తిరుపతిలోనే హాస్టల్లో ఉండి ఇంటర్ చదివాడు. ఇద్దరూ జేఈఈ మెయిన్ రాశారు, ఇద్దరూ ఈఏపీసెట్ రాశారు. ఆ పాపకు సీఐడబ్ల్యూజీ ఫారం నింపుతున్నాను. వాడు పక్కన స్టూలు మీద కూర్చుని స్క్రీన్ చూస్తున్నాడు. పైన ఆ నాలుగు అక్షరాల పూర్తి పేరు ఉంటుంది కదా, చిల్డ్రన్ ఆఫ్ ఇండియన్ వర్కర్స్ ఇన్ గల్ఫ్ అని. అది చదివి, ‘అన్నా, ఇది మాకే కదా? నాకెందుకు నింపలేదు?’ అన్నాడు.

‘నీకు రాదు అబ్బీ’ అన్నాను.

‘ఎందుకు రాదు? మా నాయన పద్నాలుగేళ్ల నుంచి ఆడనే బండి తోల్తా ఉండాడు కదన్నా.’

నేను రూలు చెప్పాను. గల్ఫ్‌లో మీ నాయన ఉంటే చాలదు, నువ్వు కూడా ఉండి పదకొండు, పన్నెండు అక్కడే చదివుండాలి అని. వాడు కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, ‘అయితే దీనికి వర్కర్స్ అని ఎందుకు పెట్టినారు?’ అన్నాడు. ఈ ఉత్తరం రాయడానికి కారణం ఆ ప్రశ్నే. నా దగ్గర జవాబు లేదు, మీ దగ్గర ఉంటుందని అడుగుతున్నాను.

ఆ గంటలోనే ఇంకోటి జరిగింది. పాప ఈఏపీసెట్ కౌన్సెలింగ్ కాగితాలు తీశాం. ఆరు నుంచి పన్నెండు దాకా స్టడీ సర్టిఫికెట్లు అన్నీ కువైట్ బడివే. తిరుపతి ప్రసూతి ఆస్పత్రిలో పుట్టిన పిల్ల, రేషన్ కార్డులో అవ్వ పేరు కింద పేరున్న పిల్ల, కౌన్సెలింగ్‌లో నాన్ లోకల్ అయింది. అంటే, గల్ఫ్‌లో చదవలేదని కేంద్రం వాడిని పక్కన పెట్టింది, ఇక్కడ చదవలేదని రాష్ట్రం ఈమెను పక్కన పెట్టింది. ఇద్దరినీ అడిగింది ఒకే ప్రశ్న: బడి ఎక్కడ? వాళ్ల నాయనలు ఎందుకు పోయారు, ఏ వీసా మీద పోయారు, పిల్లల్ని వెంట తీసుకుపోయే వీలుందా లేదా, ఇదేదీ ఏ ఫారంలోనూ లేదు.

ఈ సంగతి తెలియని వాళ్లు కూడా ఇది చదువుతారు గనక కొంచెం వివరంగా చెప్తాను.

దాసా అనే పథకం 2001-02లో మొదలైంది. విదేశాల్లో చదివిన పిల్లలకు ఎన్‌ఐటీలు, ట్రిపుల్ ఐటీలు లాంటి కేంద్ర సంస్థల్లో మామూలు సీట్ల పైన అదనంగా 15 శాతం సీట్లు ఇస్తారు. ఐఐటీలు ఇందులో లేవు. మొదట్లో అమెరికా శాట్ పరీక్ష మార్కులు చూసేవాళ్లు. ఆ శాట్ సబ్జెక్టు పరీక్షలు ఎత్తేశాక 2021 నుంచి జేఈఈ మెయిన్ ర్యాంకే చూస్తున్నారు. ఈ సీట్లకు ట్యూషన్ ఫీజు డాలర్లలో ఉంటుంది, సెమిస్టర్‌కు 4000. నాలుగేళ్లకు 32 వేల డాలర్లు. అమెరికాలోనో సింగపూర్‌లోనో మంచి ఉద్యోగం ఉన్నవాళ్లకు సరే, గల్ఫ్‌లో పనిచేసుకునే వాళ్లు అంత ఎక్కడ కడతారు? అందుకని ఆ అదనపు సీట్లలో మూడో వంతు సీఐడబ్ల్యూజీ అని పక్కన పెట్టారు. వీళ్లు ఒకసారి 300 డాలర్ల రిజిస్ట్రేషన్ కట్టి, ఆపైన ఇక్కడి పిల్లలు కట్టే ఫీజే కడతారు. ఎన్‌ఐటీలో అది ఏడాదికి లక్షా పాతిక వేలు. మంచి ఆలోచనే. ఆ ఆలోచన చేసిన వాళ్లకు దండం పెడతాను.

కానీ షరతు చూడండి. గల్ఫ్ కార్మికుల పిల్లలైనా సరే, పదకొండు, పన్నెండు విదేశంలోనే చదివుండాలి. ఇక్కడే చిక్కంతా.

కువైట్‌లో మనవాళ్ల మాటల్లో రెండు రకాల వీసాలుంటాయి. ఆర్టికల్ 18 వీసాను షూన్ వీసా అంటారు, అది కంపెనీ వీసా. ఆర్టికల్ 20 వీసాను ఖాదిమ్ వీసా అంటారు, అది ఇంటి పని వీసా. డ్రైవర్, వంటమనిషి, ఇల్లు ఊడ్చే ఆమె, పిల్లల్ని చూసే ఆయా, అందరూ ఈ రెండో దాంట్లో ఉంటారు. ఖాదిమ్ వీసా మీద ఉన్నవాళ్లు పెళ్లాం బిడ్డల్ని తీసుకుపోవడానికి ఫ్యామిలీ వీసా రాదు. డబ్బు కూడబెడితే వచ్చేది కాదు, కఫీల్, అంటే వీసా ఇచ్చిన అక్కడి యజమాని, మంచివాడైతే వచ్చేది కాదు. చట్టంలోనే లేదు. షూన్ వీసా మీద ఉన్నవాళ్లకు కూడా నెలకు ఇంత జీతం ఉంటేనే ఫ్యామిలీ వీసా అని షరతు ఉంది, 2024లో దాన్ని 800 దినార్లకు పెంచారు. నేను చెప్పిన పిల్లోడి నాయన జీతం 130 దినార్లు. మన లెక్కలో ముప్పై అయిదు వేలు. ఆయన అన్న ఏసీ మెకానిక్‌గా పోయి, సూపర్‌వైజర్ అయి, రూలు ఇంత గట్టిగా లేని రోజుల్లోనే కుటుంబాన్ని తీసుకుపోగలిగాడు. ఒకే ఇంట్లోంచి, ఒకే ఏజెంటు ద్వారా, రెండేళ్ల తేడాతో పోయిన ఇద్దరు అన్నదమ్ములు వాళ్లు. ఒకరికి దొరికింది 18, ఇంకొకరికి దొరికింది 20.

ఇప్పుడు మీ పథకం పేరు మళ్లీ చదవండి. గల్ఫ్‌లో పనిచేసే కార్మికుల పిల్లలు. ఆ వర్కర్ అనే మాటకు అందరికంటే ముందు సరిపోయే మనిషి ఎవరో, అతని బిడ్డ మాత్రం ఆ పథకంలోకి రాలేడు. బిడ్డను తీసుకుపోనివ్వనిది కువైట్ చట్టం. బిడ్డను తీసుకుపోలేదు గనక నువ్వు లెక్కలోకి రావు అన్నది మన రూలు.

నేనే ఒకసారి ఈ రూలులో బోల్తా పడ్డాను, అదీ చెప్తాను. కొన్నేళ్ల క్రితం ఒక డ్రైవర్ కూతురికి సీఐడబ్ల్యూజీ నింపాను. ఇంటర్ ఇక్కడే చదివిన పిల్ల. కార్మికుల పిల్లలు అని ఉంది కదా, వీళ్లకు కాక ఎవరికి అనుకున్నాను. షరతులన్నీ చదవలేదు, చదివానని చెప్పి టిక్ పెట్టాను. వాళ్ల నాయన అక్కడినుంచి 300 డాలర్లు కట్టాడు. కాగితాలు చూసేటప్పుడు తిరగ్గొట్టారు. ఆ డబ్బు వెనక్కి రాదని అందులోనే రాసుంది. తప్పు నాదే. సగం నేను పెట్టుకున్నాను, ఆయన వద్దన్నా ఇచ్చాను. 300 డాలర్లంటే ఆయన నెల జీతంలో మూడొంతులు దాకా. అప్పటి నుంచి ప్రతి షరతూ రెండుసార్లు చదివి గానీ మౌస్ ముట్టను.

ఇంకో ఇంటి సంగతి. ఈ ఇంట్లో తండ్రి లేడు, కువైట్ పోయింది తల్లి. పదకొండేళ్లు. పిల్లను వాయల్పాడులో అవ్వ పెంచింది. అప్లికేషన్లో తల్లి వృత్తి దగ్గర ఏం పెట్టమంటావమ్మా అని అడిగితే, అవ్వే జవాబు చెప్పింది: ‘హౌస్ వైఫ్ అని పెట్టు నాయనా, ఇంట్లో పనే కదా చేసేది.’ ఆ ఇల్లు ఎవరిదో నాకూ తెలుసు, ఆమెకూ తెలుసు. లిస్టులో ఇంటి పనిమనిషి అనే మాట లేదు మరి. అదర్స్ అని పెట్టాను.

మీరు అనబోయేది నాకు తెలుసు. ‘ఆ పిల్లలు ఇండియాలోనే చదివారు, జోసాలో అందరితో పాటు పోటీ పడవచ్చు, హోమ్ స్టేట్ కోటా కూడా ఉంది, ప్రత్యేకంగా ఎందుకు?’ న్యాయమైన ప్రశ్నే. మా షాపులో కూర్చునే ఒక రిటైర్డు లెక్చరర్ గారు కూడా ఇదే అన్నారు. విదేశంలో చదివిన పిల్లలకు ఇక్కడి కోచింగ్ ఉండదు, ఇక్కడి బోర్డు ఉండదు, వాళ్ల కోసం పెట్టిన దారి అది, మీ పిల్లోడికి ఆ ఇబ్బంది లేదు కదా అన్నారు.

ఆయనతో సగం ఒప్పుకుంటాను. కోచింగ్ లేకపోవడం ఇబ్బందే. కానీ తండ్రి లేకుండా, కొన్ని ఇళ్లలో తల్లి కూడా లేకుండా, పదేళ్లు హాస్టల్లో పెరగడం ఏ లెక్కలో వేస్తారు? అదీ గాక, ఈ పథకం కష్టాన్ని చూసి పెట్టినదే అయితే దానికి బడి పేరు పెట్టాలి, పని పేరు కాదు. గల్ఫ్‌లో చదివిన పిల్లలు అని పెట్టండి. అప్పుడు మా పిల్లోడు నన్ను ఆ ప్రశ్న అడగడు. పేరు మాత్రం కూలీది, షరతు మాత్రం ఫ్యామిలీ వీసా ఉన్నవాడిది అంటేనే నాకు మింగుడు పడటం లేదు. ఆ అన్న కూతురు మీద నాకు కోపం లేదు. ఆమెకు రావాల్సింది ఆమెకు రావాలి. అవి అదనపు సీట్లు, ఆమె ఎవరి సీటూ లాక్కోలేదు. వీడికి ఇచ్చినా ఎవరి సీటూ పోదు, అదీ నేను చెప్పేది.

ఇది కొత్తగా నేను కనిపెట్టిన కోరిక కూడా కాదు. ఢిల్లీలోనే మీ పక్క శాఖ ఈ పని ఎప్పుడో చేసింది. విదేశాంగ శాఖ 2006-07 నుంచి ప్రవాసుల పిల్లలకు ఎస్‌పీడీసీ అనే స్కాలర్‌షిప్ ఇస్తోంది. ఏటా 150 మందికి. అందులో 50 స్కాలర్‌షిప్‌లు ఈసీఆర్ దేశాల్లో పనిచేసే కార్మికుల పిల్లలకు. ఆ 50లో మూడో వంతు ఎవరికో తెలుసా? ఇండియాలోనే ఉండి చదువుకుంటున్న అలాంటి కార్మికుల పిల్లలకు. అంటే తల్లిదండ్రులు అక్కడ, బిడ్డ ఇక్కడ ఉండే ఇళ్లు ఉన్నాయని భారత ప్రభుత్వానికి తెలుసు. ఒక శాఖకు తెలిసింది, ఇంకో శాఖ ఫారంలోకి ఇంకా రాలేదు.

ఈసీఆర్ అంటే ఏమిటో మా వైపు చెప్పనక్కర్లేదు గానీ, మిగతావాళ్ల కోసం చెప్తాను. ఎమిగ్రేషన్ చెక్ రిక్వైర్డ్ అని. పదో తరగతి పాస్ కానివాళ్ల పాస్‌పోర్టు మీద సాధారణంగా ఆ ముద్ర ఉంటుంది. కువైట్, సౌదీ లాంటి 18 దేశాలకు వాళ్లు పనికి పోవాలంటే ప్రభుత్వం క్లియరెన్స్ ఇవ్వాలి. ఆ వివరాలన్నీ ఈమైగ్రేట్ అనే ప్రభుత్వ వెబ్‌సైట్‌లో ఉంటాయి. ప్రవాసీ భారతీయ బీమా యోజన కింద 10 లక్షల బీమా కూడా చేయిస్తారు. ఎవరు పోయారు, ఎప్పుడు పోయారు, ఏ పనికి పోయారు, ఏ యజమాని దగ్గరికి పోయారు అన్నీ ప్రభుత్వం చేతిలోనే ఉన్నాయి. కాబట్టి దొంగ సర్టిఫికెట్లు వస్తాయన్న భయం పెట్టుకోవద్దు. మీ దగ్గరున్న రికార్డునే మీరు చూసుకోవచ్చు. పది పాసయి ఆ ముద్ర లేకుండా పోయినవాళ్ల దగ్గర సివిల్ ఐడీ ఉంటుంది, మనవాళ్లు బతాకా అంటారు. అకామా (అక్కడ ఉండటానికి ఇచ్చే పర్మిట్) ఆర్టికల్ 20 కిందనా కాదా అన్నది ఎంబసీ ఒక్క చూపులో చెప్పగలదు.

దొంగ సర్టిఫికెట్ల మాట వచ్చింది గనక ఒకటి చెప్పాలి. ఇప్పుడున్న షరతే వాటిని పుట్టిస్తోంది. ‘పదకొండు, పన్నెండు అక్కడ చదివినట్టు కాగితం చేసివ్వగలవా, పీడీఎఫ్‌లో పేరు మారిస్తే చాలు’ అని నా షాపుకే వచ్చారు. ఒకరు కాదు. పంపించేశాను. కానీ వాళ్లంతా నా దగ్గరే ఆగుతారని నేను అనుకోను.

ఎన్నారై కోటా సంగతీ ఇలాంటిదే, దాన్ని తొందరగా చెప్పి వదిలేస్తాను. మా పిల్లోడి నాయన, ఆ డ్రైవర్, ఒకసారి సెలవుకు వచ్చినప్పుడు కొడుకును వెంటబెట్టుకుని ఒక ప్రైవేటు కాలేజీకి పోయాడు. ‘మీరు ఎన్నారై కదా సార్, ఎన్నారై కోటాలో ఇస్తాం’ అన్నారట. ఆయన జీవితంలో ఎన్నారై అని ఆయన్ను ఎవరూ పిలవలేదు, సార్ అని కూడా. ఫీజు చెప్పాక లేచి వచ్చేశాడు. ఇనాందార్ కేసులో 2005లో సుప్రీంకోర్టు ఈ కోటాను 15 శాతం దాటనివ్వకూడదని, అది నిజమైన ఎన్నారైల పిల్లలకే దక్కాలని చెప్పింది. 2024లో పంజాబ్ మెడికల్ సీట్ల కేసులో, దూరపు బంధువుల పేరు చెప్పి ఈ కోటాను సాగదీయడం మోసమని అదే కోర్టు గట్టిగా అంది. మా దగ్గర నిజమైన ఎన్నారై డ్రైవరే. కట్టలేనిది కూడా ఆయనే.

అమెరికాలో పుట్టి ఓసీఐ కార్డు (విదేశీ పౌరులైన భారత సంతతి వాళ్లకు ఇచ్చే కార్డు) ఉన్న పిల్లల చిక్కు వేరు. అదంతా ఇంకో ఉత్తరానికి సరిపోయే కథ. వాళ్లకు రాసుకునే తీరిక, లాయర్లు ఉన్నారు. నేను ఖాదిమ్ వీసా వాళ్ల గురించే రాస్తున్నాను.

ఇక రాష్ట్రం వైపు వస్తాను.

రాజ్యాంగంలోని 371డి అధికరణం కింద 1974లో వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం మన కాలేజీల్లో 85 శాతం సీట్లు లోకల్ వాళ్లకు. మామూలుగా చివరి పరీక్ష దాకా వరుసగా నాలుగేళ్లు ఆ లోకల్ ఏరియాలో చదివితే లోకల్. మాకు ఎస్వీ యూనివర్సిటీ ఏరియా. బయట చదివిన పిల్లలు, తల్లిదండ్రుల్లో ఒకరు రాష్ట్రంలో పదేళ్లు నివాసమున్నట్టు తహశీల్దారు దగ్గర సర్టిఫికెట్ తెచ్చుకుంటే, మిగతా 15 శాతంలో పోటీ పడొచ్చు. ఆ 15 శాతంలో మొదటి ర్యాంకుల లోకల్ పిల్లలు కూడా ఉంటారు. ఈ ఉత్తర్వు ఎందుకు వచ్చిందో నాకు తెలుసు. వెనుకబడిన ప్రాంతాల పిల్లల సీట్లు బయటివాళ్లు పట్టుకుపోకుండా వచ్చింది. రాయలసీమవాణ్ణి, దాని విలువ నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు. కానీ ఆ పాప బయటి మనిషా? వాళ్ల నాయన నీళ్లు లేక, బోరు ఎండిపోయి, అప్పు తీర్చడానికి పోయినవాడు. ఏ వెనుకబాటు చూసి ఆ ఉత్తర్వు తెచ్చారో, ఆ వెనుకబాటే ఆయన్ను విమానం ఎక్కించింది.

దీనికీ మందు ఎక్కడో వెతకక్కర్లేదు. జేఈఈ మెయిన్‌లోనే ఉంది. విదేశంలో పన్నెండు పాసైన భారతీయ పిల్లలకు సొంత రాష్ట్రం ఏదో అక్కడ ఎలా చూస్తారు? పాస్‌పోర్టులో ఉన్న శాశ్వత చిరునామాను బట్టి. ఆ పాప పాస్‌పోర్టులో పీలేరు దగ్గరి పల్లె పేరుంది, అందువల్ల తాడేపల్లిగూడెం ఎన్‌ఐటీలో ఆమె హోమ్ స్టేట్ పిల్ల. తాడేపల్లిగూడెంలో మన పిల్ల, తిరుపతిలో పరాయి పిల్ల. ఆ పాప అవ్వకు ఇది విడమరచి చెప్పడానికి ప్రయత్నించాను, నా వల్ల కాలేదు. లోకల్ అయ్యుంటే ఆ ర్యాంకుకు తిరుపతిలోనే ప్రభుత్వ కాలేజీలో ఈసీఈ వచ్చేదని, కిందటేడాది కటాఫ్‌లు చూసి నేనే వాళ్లకు చెప్పాను. చెప్పకుండా ఉండాల్సిందేమో.

(శ్రీసిటీలో ట్రిపుల్ ఐటీ ఉంది కదా, అక్కడ లోకల్ కోటాలో ఇప్పించు అని నెలకు పదిమంది అడుగుతారు. అది జోసా ద్వారా నిండే జాతీయ సంస్థ, అక్కడ హోమ్ స్టేట్ లేదు. ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీ వేరు, అది పదో తరగతి మార్కులతో. రెండింటికీ ఒకే పేరు ఉండటం వల్ల నా గొంతు ఎంత అరిగిపోయిందో మీకు తెలియదు.)

పరీక్ష సెంటర్ల మాట కూడా. జేఈఈ మెయిన్‌కు కువైట్ సిటీలో సెంటర్ ఉంది. ఈఏపీసెట్‌కు గల్ఫ్‌లో ఎక్కడా లేదు. ఆ పాప మే నెలలో, టికెట్లు మండిపోయే రోజుల్లో, చెన్నైలో దిగి బస్సెక్కి వచ్చి పరీక్ష రాసింది. నాన్ లోకల్ అవ్వడానికి అంత ఖర్చు పెట్టుకుంది.

కాబట్టి కేంద్రాన్ని అడుగుతున్నది ఇదీ. సీఐడబ్ల్యూజీ సీట్లలో కొన్నయినా, చట్టం ప్రకారం కుటుంబాన్ని తీసుకుపోలేని వీసా మీద కనీసం మూడు నాలుగేళ్లు పనిచేస్తున్న తల్లిదండ్రుల పిల్లలకు, వాళ్లు ఇండియాలో చదివినా సరే, ఇవ్వండి. మీకు అన్నీ ఒక్కసారి మార్చడం కష్టమైతే, కౌన్సెలింగ్ అయ్యాక మిగిలిన సీట్లతోనైనా మొదలుపెట్టండి. రాష్ట్రాన్ని అడుగుతున్నది: విదేశంలో చదివి వచ్చిన పిల్లల విషయంలో, పాస్‌పోర్టు చిరునామా మన ఏరియాదై, తల్లో తండ్రో ఇక్కడి బడిలో నాలుగేళ్లు చదివుంటే, ఆ బిడ్డను లోకల్‌గా చూడండి. చిరునామా ఒక్కటే చాలంటే డబ్బున్నవాళ్లు చిరునామాలు కొంటారు, అందుకే రెండూ అడుగుతున్నాను. ఆ ఉత్తర్వు రాష్ట్రపతి పేరుతో ఉన్నది, రాష్ట్రం ఒక్కటే మార్చలేదని నాకు తెలుసు. రాష్ట్రాన్ని అడిగితే కేంద్రం వైపు, కేంద్రాన్ని అడిగితే రాష్ట్రం వైపు చూపిస్తారని భయపడే, ఇద్దరికీ కలిపి ఒకే ఉత్తరం రాశాను.

ఆ ఇద్దరి సంగతి ఏమైందంటారా? పాపకు సీఐడబ్ల్యూజీలో ఈశాన్యంలో ఒక ఎన్‌ఐటీలో సివిల్ వచ్చింది. చేరింది. మూడు రైళ్లు మారి పోవాలి. పిల్లోడు కన్వీనర్ కోటాలో చిత్తూరు దగ్గర ఒక ప్రైవేటు కాలేజీలో చేరాడు. దసరా సెలవులకు వచ్చినప్పుడు షాపుకు వచ్చి, ‘అన్నా, వచ్చే సంవత్సరం మా చెల్లెలిదైనా నింపాల, రూలు మారిందేమో చూసి పెట్టు’ అన్నాడు. చెల్లెలు ఇంటర్ రెండో సంవత్సరం, ఆమెదీ ఇక్కడి చదువే. కొత్త నోటిఫికేషన్లు వచ్చేలోపు మీరు ఏదో ఒకటి చెబితే ఆ పిల్లోడికి చెప్తాను.

ఇట్లు,
తిరుపతిలో జిరాక్స్ షాపు నడిపే ఒకడు

తా.క. రాయడం మరిచాను. మీ హెల్ప్‌లైన్లు ఉదయం పదికి మొదలై సాయంత్రం అయిదుకు మూసేస్తారు. ఆ టైములో కువైట్‌లో డ్రైవర్లు సేటు పిల్లల్ని బడి దగ్గర దించుతూనో, మేడమ్‌ను మార్కెట్టుకు తీసుకుపోతూనో ఉంటారు, ఫోన్ ముట్టనివ్వరు. ఓటీపీ వాళ్ల నంబరుకు పోతే ఇక్కడ పేజీ ఎక్స్‌పైర్ అయిపోతుంది. వాళ్లకు తీరిక దొరికేది రాత్రి పదకొండుకు, అంటే ఇక్కడ ఒకటిన్నర. ఆ పిల్లోడి నాయన నాకు ఫోన్ చేసేది ఆ టైముకే. ఆ టైములో మెసేజ్ పెడితే తెల్లారాకైనా జవాబిచ్చే వాట్సాప్ నంబరు ఒకటి పెట్టండి.